ఏమీ వినిపించట్లేదు పెద్దమ్మా అన్నావు కదా

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది, ఇరవై రోజుల్నించి పొద్దున్నే ధ్యానంలో కూర్చుంటున్నా పెద్దమ్మా, పుణె వెళ్లాలా ఇక్కడే ఉండాలా దేవుడు ఒక్క ముక్క చెప్తే బాగుండు, ఏమీ వినిపించట్లేదు అని. అప్పుడు మీ పెదనాన్నకి మందులు ఇచ్చే టైమై పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా టైప్ చేస్తున్నా, పొడుగే అవుతుంది, మెట్రోలో చదువుకో.

ముందు ఇది విను, ఏమీ వినిపించకపోవడం నీ తప్పు కాదురా. నాకిది ముప్పై ఏళ్ల అలవాటు, కళ్లు మూసుకున్నప్పుడే జవాబు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ సగం నా కోరికలే. మీ గల్లీలో పైపు రిపేరైన మర్నాడు నల్లా నీళ్లు ఎర్రగా వస్తాయి చూడు, బకెట్లో పట్టి కదపకుండా వదిలేస్తే మధ్యాహ్నానికి తేరుకుంటాయి. కూర్చోవడం అంటే ఆ కదపకుండా వదిలేయడమే. పొద్దున కూర్చుంటాం, తేరుకోవడం మాత్రం ఎప్పుడో ఏ కూర తరుగుతున్నప్పుడో తెలుస్తుంది.

నీకు తెలీదు, 1998లో నాకు బ్యాంకులో ఆఫీసర్ ప్రమోషన్ వచ్చింది, తీసుకుంటే వేరే జిల్లాకి ట్రాన్స్‌ఫర్, అప్పటికి అత్తయ్యగారు మంచంలో ఉన్నారు. బ్రాంచి నుంచి ఇంటికొస్తూ దోమలగూడ రామకృష్ణ మఠంలో కూర్చునేదాన్ని, నెల పైనే, అడిగిందే అడుగుతూ. ఏమీ లేదు. ఒకరోజు రాత్రి గోరుచిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఉన్నట్టుండి ఒకటి కనపడింది, ప్రమోషన్ అనుకున్నప్పుడల్లా నా కళ్ల ముందుకి వస్తున్నది ఆ సీటూ కాదు ఆ పనీ కాదు, నన్ను చులకనగా మాట్లాడిన ఒక కొలీగ్ మొహం. ఆయనకి చూపించాలి, అంతే నా ఆశంతా. అది తెలిశాక ఇంక ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. మర్నాడు వద్దని రాసిచ్చేశా. నష్టం నిజమే, పెన్షన్‌లో ఇవాళ్టికీ తెలుస్తూనే ఉంటుంది, అత్తయ్య ఎనిమిది నెలలకి పోయారు, ఆ ఎనిమిది నెలలూ ఆవిడ తల దువ్వింది నేనే. నువ్వూ పుణె వద్దను అని కాదు నేను చెప్పేది. నీ కళ్ల ముందుకి ఎవరి మొహం వస్తోందో చూడు అంటున్నా.

రమణ మహర్షి దగ్గరికి జనం ఇలాంటి ప్రశ్నలే మోసుకెళ్లేవాళ్లు. 1896లో 16 ఏళ్ల పిల్లాడిగా ఇల్లొదిలి అరుణాచలం వెళ్లి 1950లో దేహం వదిలేదాకా అక్కడే ఉండిపోయిన మనిషి ఆయన, చాలాసార్లు జవాబు బదులు ఈ ప్రశ్న ఎవరికి వచ్చింది అని అడిగేవారు. తప్పించుకోవడంలా ఉంటుంది గానీ నువ్వు ఒకసారి నీ మీద వేసుకుని చూడు, ఈ భయం ఎవరిది, ఈ తొందర ఎవరిది అని.

తొందర అంటే గుర్తొచ్చింది, నేను మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ధ్యానంలో ఉండగానే గట్టిగా అనిపించింది, తెలిసినవాళ్ల చిట్టీలో డబ్బు కట్టు, ఇవాళే కట్టు అని. దైవసంకేతం అనుకుని మీ పెదనాన్నకి కూడా చెప్పకుండా కట్టేశా, డబ్బు మొత్తం పోయింది. ఆ రోజు నుంచి ఒకటి పట్టుకున్నా, తరుముతూ వచ్చేది ఏదైనా సరే నేను నమ్మను. నిజంగా లోపల్నుంచి వచ్చేది మూడు రోజులు ఆగినా అలాగే ఉంటుంది, ఎవరితోనైనా పైకి చెప్తే సిగ్గనిపించదు, పైగా అది చాలాసార్లు చాలా చిన్న పని చెప్తుంది, ఫలానా వాళ్లకి ఫోన్ చెయ్యి, ఆ అబద్ధం సరిదిద్దుకో, ఇలా.

పైకి చెప్పడం మాత్రం మానకు. వివేకానందస్వామి 1893 ఫిబ్రవరిలో మన సికింద్రాబాద్ మెహబూబ్ కాలేజీలో పాశ్చాత్య దేశాలకి ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్తూ మాట్లాడారు, అంత స్పష్టంగా చెప్పినాయనకి కూడా ఆ తర్వాత ఊగిసలాట తప్పలేదు. ఆయన గురువుగారు రామకృష్ణ పరమహంస సముద్రం మీద నడుస్తూ రమ్మని పిలిచినట్టు కల వచ్చింది, అయినా ఆ కల ఒక్కటే పట్టుకుని ఓడెక్కలేదు, గురువుగారి భార్య శారదామాతకి ఉత్తరం రాసి ఆవిడ దీవెన వచ్చాకే మే 31న బొంబాయిలో బయల్దేరారు. ఆయనే ఇంకొకర్ని అడిగారు, మనమెంత చెప్పు.

ఇంక కూర్చోవడం సంగతి. గంట వద్దు, పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ అదే టైమ్, అదే చోటు. నేల మీద మోకాళ్లు నొప్పెడితే కుర్చీ వేసుకో, వెన్ను నిటారుగా ఉంటే చాలు. ఫోన్ సైలెంట్‌లో పెడితే కుదరదు, వేరే గదిలో పెట్టు. మాకు నల్లకుంటలో తెల్లవారుజామున ముందు అజాన్ వినిపిస్తుంది, కాసేపటికి గుడి మైకులో సుప్రభాతం, ఆపైన మోటర్ల చప్పుడు, మొదట్లో చిరాకు పడేదాన్ని, ఇప్పుడు అవి వస్తాయి పోతాయి అంతే. ఊపిరి మీద ధ్యాస పెట్టు, బయటికి వదిలేది కొంచెం నిదానంగా వదులు. మనసు ఆఫీసుకి పారిపోతుంది, పారిపోనీ, తిట్టుకోకుండా మళ్లీ తెచ్చుకో. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పేది అదే, ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తెచ్చుకోమని, పోకుండా కట్టెయ్యమని కాదు. వందసార్లు తెచ్చుకుంటే వందసార్లూ అభ్యాసమే. పుణె ప్రశ్న మాత్రం అప్పుడు అడగకు, రాత్రి పడుకునే ముందు ఒక్కసారి అనుకుని వదిలేయ్, లేచాక ఏమనిపిస్తే అది ఒక నోట్‌బుక్‌లో ఒక్క లైను రాసిపెట్టు.

ఇంకోటి, ఉప్పల్లో మెట్రో ఎక్కాక మెట్టుగూడ దాటేదాకా ఫోన్ బ్యాగులో వేసేయ్, అమీర్‌పేట తోపులాట రాకముందు కాస్త నెమ్మదిగా ఉంటుంది కదా, కళ్లు తెరిచే ఊపిరి చూసుకుంటూ కూర్చో. ఆఫీసులో కోపంగా మెయిల్ కొట్టేముందు కూడా మూడు ఊపిరులు. నా అనుభవంలో ఎక్కువ దారి దొరికింది ఇలా కాసేపు ఆగినప్పుడే, పెద్ద ధ్యానాల్లో కాదు.

విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సుకి వెళ్లనా అన్నావు, సాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అని వాళ్ల కేంద్రం ఉంది, ఫీజు లేదు, మంచిదే, కానీ పది రోజులు మాటా ఫోనూ ఉండవు, ఇప్పుడు నిద్రపట్టట్లేదు అంటున్నావు కాబట్టి వెంటనే వద్దు. ఇంకో వారంలో నిద్ర కుదురుకోకపోతే డాక్టర్‌కి చూపించుకో, నిద్రలేని మనసులో ఏది దారో ఏది దిగులో తేడా తెలీదు.

అన్నట్టు, ఇన్ని చెప్పావు గానీ పుణె సంగతి మీ అమ్మకి ఇంకా చెప్పలేదన్నావు. నాకెందుకో నీకు నిద్ర రానిది అందుకే అనిపిస్తోంది, పుణె కోసం కాదు. తప్పైతే తప్పని చెప్పు. ఆదివారం ఆరింటికల్లా రా, కలిసి కూర్చుందాం, రాత్రే పెసలు నానబెట్టి ఉంచుతా.

మీ పెద్దమ్మ