కళ్ల కదలికల చికిత్సకు వెళ్లబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఆ యాక్సిడెంట్ అయిన దగ్గర్నుంచి బ్రేకు చప్పుడు వినిపిస్తే చాలు చేతులు వణుకుతున్నాయనీ, డాక్టరు ఈఎమ్‌డీఆర్ (భయపెట్టిన జ్ఞాపకాన్ని తలుచుకుంటూ, థెరపిస్టు ఆడించే వేళ్లను కళ్లతో వెంబడించే చికిత్స) చేయించుకోమన్నారనీ రాశావు. నెట్‌లో ఒకరు అద్భుతం అంటుంటే ఇంకొకరు వేళ్లు ఆడించి డబ్బు గుంజడమే అంటున్నారట. నేను ఆ కుర్చీలో కూర్చుని వచ్చినదాన్నని నన్నడిగావు. నేను డాక్టర్ని కాను, అది మాత్రం గుర్తుంచుకో. తెలిసినంత చెబుతాను.

ముందు ఆ వేళ్ల సంగతి చూద్దాం. ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లో పార్కులో నడుస్తూ, తన కళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు మనసుని తొలుస్తున్న ఆలోచనల పదును తగ్గుతోందని గమనించింది. 1989లో మొదటి అధ్యయనం ప్రచురించింది. పార్కులో తట్టిన వైద్యమట అని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనసుకి ఇలాంటి దెబ్బ తగిలిన పెద్దలకూ పిల్లలకూ సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి. ఇలాంటి దెబ్బల కోసం చేసే సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, కూడా ఆ జాబితాలో ఉంది. నీకిది పడకపోతే అది ఉందన్నమాట. దారి మూసుకుపోదు.

ఎందుకు పనిచేస్తుందన్న దాని మీద మాత్రం నిపుణుల్లోనే వాదాలున్నాయి. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది కొంతే కదా, జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే కళ్లతో వేళ్లను వెంబడిస్తుంటే ఆ బొమ్మకి చోటు చాలక మసకబారుతుందనీ, మళ్లీ మనసులో దాగేటప్పుడు ఆ మసకతోనే దాగుతుందనీ ఒక వివరణ. కళ్ల కదలిక వల్ల ఒరిగేది తక్కువ, అసలు పని చేసేది మిగతా పద్ధతంతా అని ఇంకొందరు. నాకైతే ఆ గొడవ తేలకపోయినా నష్టం లేదు. నువ్వు మాత్రం ఆ మిగతా పద్ధతిని తక్కువగా చూడకు. సగం వైద్యం అక్కడే ఉంది.

ఎందుకంటే ఇందులో ఎనిమిది దశలుంటాయి. కళ్లు కదిలించడం మొదలయ్యేది నాలుగో దశలో. ముందు నీ కథంతా వింటారు, తర్వాత నిన్ను సిద్ధం చేస్తారు, ఆ తర్వాత ఏ జ్ఞాపకం మీద పని చేయాలో తేలుస్తారు. మొదటిసారి వెళ్లగానే "ఆ రోజు తలుచుకోండి" అంటూ మొహం ముందు వేళ్లు ఎత్తేవాళ్లు తగిలితే లేచి వచ్చెయ్. ఈఎమ్‌డీఆర్‌లో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, యాక్సిడెంట్ కేసులు చూశారా అని మొహమాటం లేకుండా అడుగు. పనితెలిసినవాళ్లు ఆ ప్రశ్నలకి నొచ్చుకోరు.

వాళ్లు అడిగేవాటికి నువ్వూ దాచకుండా చెప్పు. ఫిట్స్, కంటి జబ్బులు, వేసుకునే మందులు, కడుపుతో ఉన్నావా, మధ్యమధ్యలో కొంతసేపు ఏం జరిగిందో తెలియకుండా పోతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా, అన్నీ. చివరి రెండిట్లో ఏది ఉన్నా ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళతారు. ఇంకొకటి, నీ యాక్సిడెంట్ కేసు కోర్టులో ఉంటే, సాక్ష్యం చెప్పాల్సి వస్తే, మొదలుపెట్టక ముందే థెరపిస్టుకీ లాయరుకీ చెప్పు. చికిత్సలో ఆ దృశ్యం మసకబారవచ్చు, మారనూ వచ్చు.

సిద్ధం చేసే దశలో మనసు కుదుటపడే చోటొకటి ఊహించుకోమంటారు. అందులో మనుషుల్ని పెట్టుకోకు. మనుషులతో పాటు వాళ్ల మాటలూ వచ్చేస్తాయి. ఆపమని చెప్పడానికి ఒక సైగ కూడా అనుకుంటారు, మామూలుగా చెయ్యెత్తడం. అది మొదటే రెండు మూడుసార్లు ఎత్తి చూడు, అవసరం లేకపోయినా సరే. నీ సంగతి నాకు తెలుసు. ప్రాణం పోతున్నా ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని ఊరుకునే రకానివి.

తర్వాత ఆ జ్ఞాపకంలో అన్నిటికన్నా గుచ్చుకునే ఒక్క దృశ్యాన్ని ఎంచుకోమంటారు. దాన్ని చూస్తుంటే నీ గురించి నీకేమనిపిస్తుందో అడుగుతారు. "తప్పు నాదే" అనో, "నేనెప్పటికీ క్షేమంగా ఉండను" అనో వస్తుంది. దాని బదులు ఏం నమ్మగలిగితే బాగుంటుంది, అదిప్పుడు 1 నుంచి 7 వరకూ ఎంత నిజమనిపిస్తోంది, బాధ 0 నుంచి 10లో ఎంత, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, ఇవన్నీ అడుగుతారు. అంకెల దగ్గర బుర్ర బద్దలు కొట్టుకోకు. నోటికి ముందొచ్చిందే చెప్పు.

ఇక అసలు ఘట్టం. థెరపిస్టు కాస్త పక్కగా, దగ్గరగా కూర్చుని రెండు వేళ్లు నీ కళ్లెదుట అటూ ఇటూ గబగబా కదుపుతారు. తల తిప్పకుండా కళ్లతోనే వెంబడించాలి. ఒక విడత అర నిమిషం ఉంటుందేమో. వేళ్లు దించి, "ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం వస్తోంది?" అంటారు. ఒక్క ముక్క చెబితే చాలు. "మెడ బిగుసుకుంది" అన్నా చాలు. మళ్లీ వేళ్లు లేస్తాయి. రైలు కిటికీలోంచి చూస్తున్నట్టు చూడండి, వచ్చేది రానివ్వండి, పోయేది పోనివ్వండి అని చెబుతారు.

నా సంగతి చెబితే నీకు అర్థమవుతుంది. చిన్నప్పుడు ఒక రాత్రి ఎవరో వచ్చి మా తలుపు బాదారు. ఎందుకో ఏమిటో ఇప్పుడు అనవసరం. ఎన్నో ఏళ్ల పాటు తలుపు గట్టిగా కొట్టిన చప్పుడైతే చాలు, నేను గోడకి అతుక్కుపోయేదాన్ని. ఆ రోజు సెషన్‌లో కాసేపు ఆ కేకలే వినిపించాయి, గుండె దడదడలాడింది. ఇంకో విడతకి కేకలు పోయి తలుపు గడియ కనిపించింది, దాని మీద తుప్పుతో సహా. ఇదేం పిచ్చి, గడియ గురించి చెప్పడమేమిటి అనుకుంటూనే "గడియ" అన్నాను. "దానితోనే వెళ్దాం" అంది థెరపిస్టు. తర్వాతి విడతలో ఆ గడియని పట్టుకుని ఉన్న మా అమ్మమ్మ చెయ్యి కనిపించింది. ఆ రాత్రి అమ్మమ్మ ఇంట్లోనే ఉందని నాకెప్పుడూ తెలుసు. కానీ నా భయంలో ఆవిడకి చోటే లేదు, అందులో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. భోరుమని ఏడ్చాను. ఏడుపు ఆగాక ఆకలేసింది.

అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. నీకు బొమ్మలేవీ రాకుండా కాళ్లు మాత్రమే వణకొచ్చు. ఏమీ రాకపోతే "ఏమీ రావట్లేదు" అను, అదీ జవాబే. బళ్లో ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నట్టు ఇక్కడా బాగా చేసి చూపించాలని మాత్రం చూడకు. అప్పటిదాకా తెలియనిదేదైనా కొత్తగా కనిపిస్తే అది జరిగిందనడానికి రుజువు అనుకోకు. వచ్చింది చెప్పు, ముందుకి వెళ్లు, అంతే. కళ్లు నొప్పెడితే చెప్పు. వేళ్లని చూడడం బదులు చేతుల మీద మార్చి మార్చి తట్టడం, ఒక చెవి తర్వాత ఇంకో చెవిలో చప్పుడు వినిపించడం కూడా ఉన్నాయి.

వీడియోల్లో చుక్క అటూ ఇటూ పరిగెడుతుంటే చూస్తూ ఇంట్లో ఒక్కదానివే ఆ యాక్సిడెంట్‌ని తవ్వుకోకు. పైకి తెచ్చుకోవడం తేలికే, తర్వాత నిన్ను పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. చేతులు రెండూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని, ఒకటి తర్వాత ఒకటిగా మెల్లగా తట్టుకునే పద్ధతి ఒకటుంది, సీతాకోకచిలుక కౌగిలి అంటారు. 1997లో మెక్సికోలో పౌలీన్ తుఫాను వచ్చి వెళ్లాక అక్కడి బాధితుల కోసం మొదలైంది. టెన్షన్‌గా ఉన్నప్పుడు కుదుటపడ్డానికి అది చాలు. అదైనా మీ థెరపిస్టు దగ్గర నేర్చుకునే చెయ్యి.

సెషన్ ఉన్న రోజు సాయంత్రం ఏ పనీ పెట్టుకోకు, బండి నువ్వు నడపకు. రెండు మూడు రోజులు కలలు రావచ్చు, చిరాకు పుట్టొచ్చు. నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకుని పక్కన పడెయ్, విశ్లేషణ మొదలుపెట్టకు. మరీ నిద్ర పట్టకపోతే వచ్చే వారం దాకా ఆగకుండా వాళ్లకి ఫోన్ చెయ్యి.

ఎన్నిసార్లు వెళ్లాలి అనడిగావు. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యమో సూచించే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి మామూలుగా 8 నుంచి 12 సెషన్లు అని ఉంది. దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్లకి ఇంకా పడతాయి. ఇక్కడొక పొరపాటు జరుగుతుంటుంది. ఆ రోజు దృశ్యం మసకబారగానే నయమైపోయిందని మానేస్తారు. బ్రేకు చప్పుడు మీద విడిగా పని చేయాలి, రేపు నువ్వు మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం మీదా చేయాలి. అవి రెండూ పూర్తయ్యేదాకా మానకు. యాక్సిడెంట్‌ని మరిచిపోతావని కాదు. అది గుర్తొచ్చినప్పుడు చేతులు నీ మాట వింటాయి.

లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నాకూ చెప్పక్కర్లేదు. మీ అమ్మ మాత్రం గుమ్మంలోనే పట్టుకుని అడుగుతుంది. "బాగానే ఉందమ్మా, అన్నం పెట్టు" అను. దాని సంగతి నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ