సి డ్రైవ్‌లో తగ్గిన చోటు తిరిగి వస్తుందా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది. విండోస్‌తో పాటు ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాడుకుందామని సి డ్రైవ్‌ను 100 జీబీ తగ్గించి ఇన్‌స్టాల్ చేయబోతే, పని మధ్యలోనే ఆగిపోయింది. విండోస్ మామూలుగానే తెరుచుకుంటోంది కానీ సి డ్రైవ్ 375 జీబీ మాత్రమే చూపిస్తోంది. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్న ఆప్షన్ పనిచేయడం లేదు. పోయిన చోటును రాబట్టడం ఎలా?

జవాబు: ముందు లెక్క సరిచేసుకుందాం. తయారీదారులు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 1024 గుణిజాలతో లెక్కిస్తుంది కాబట్టి 512 జీబీ డిస్క్ మొదటినుంచీ 476 జీబీగానే కనిపిస్తుంది. ఆ తేడాకు ఉబుంటుతో సంబంధం లేదు. మిగిలిన 100 జీబీ మాత్రం డిస్క్‌లోనే భద్రంగా ఉంది. ఇన్‌స్టాలర్ ఆగిపోయే లోపే అక్కడ ఎక్స్‌ట్4 అనే లైనక్స్ ఫార్మాట్‌లో ఒక పార్టిషన్‌ను (డిస్క్‌లో విడదీసిన భాగాన్ని) సృష్టించి ఉంటుంది. ఆ ఫార్మాట్‌ను విండోస్ చదవలేదు కనుక ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో అది కనిపించదు, ఆ చోటు ఖాళీ కాదు కనుక ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కూడా పనిచేయదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, డ్రైవ్ అక్షరం గానీ ఫైల్ సిస్టమ్ పేరు గానీ లేకుండా దాదాపు 100 జీబీ పరిమాణంలో ఒక గడి కనిపిస్తుంది. దాన్ని తొలగించాలి. అయితే తొందరపడవద్దు. కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెరిచే గ్రబ్ అనే ఉబుంటు బూట్ లోడర్ అప్పటికే చేరి ఉంటే, దాని ఫైళ్లు ఉన్న పార్టిషన్ తొలగిపోగానే కంప్యూటర్ నల్లని తెర మీద గ్రబ్ రెస్క్యూ అన్న మాట దగ్గరే నిలిచిపోవచ్చు. అందుచేత ముందుగా యూఈఎఫ్ఐ (విండోస్ కంటే ముందు నడిచే, పాత బయోస్ లాంటి ప్రోగ్రామ్) సెట్టింగుల్లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానంలో ఉంచండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ వాడుతున్నట్లయితే, 48 అంకెల రికవరీ కీని ముందే రాసిపెట్టుకోండి, ఎందుకంటే బూట్ క్రమం మారితే అది అడగవచ్చు. ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

తరువాత ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ ఎంచుకోండి. పరిమాణాన్ని రెండుసార్లు సరిచూసుకోండి. పక్కనే ఉండే చిన్న ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లు ఉండేది), రికవరీ పార్టిషన్‌ల జోలికి వెళ్లకండి. గడి మీది పట్టీ నల్లగా మారి అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తే, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసినప్పుడు ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేస్తుంది. పట్టీ ఆకుపచ్చగా మారి ఫ్రీ స్పేస్ అని ఉంటే అది పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ అన్నమాట; ఆ గడిని మరోసారి తొలగించాలి.

ఖాళీ చోటు సి డ్రైవ్‌కు సరిగ్గా కుడి పక్కన లేకుండా మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంటే విండోస్ దాన్ని కలపలేదు. జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌తో పార్టిషన్‌ను జరపవచ్చు గానీ, ఆ పని మధ్యలో కరెంటు పోతే అసలుకే మోసం వస్తుంది. అలాంటి పరిస్థితిలో నేనైతే ఆ 100 జీబీని న్యూ సింపుల్ వాల్యూమ్ ద్వారా డి డ్రైవ్‌గా వాడుకుంటాను.

ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటు పేరుతో ఒక ఫోల్డర్ మిగిలి ఉండవచ్చు. అది కొన్ని ఎంబీలకు మించదు, వదిలేయండి.