టెక్ సందేహాలు: పాదం ముందు, గజ్జె చప్పుడు వెనక

పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే నాకు ఈ ఉత్తరాలు మొదలవుతాయి. బొమ్మ ముందు పోతోంది, మాట వెనకబడుతోంది, ఎడిటింగ్ నాకు చేతకాదేమో అని. చాలామంది విషయంలో తప్పు ఎడిటింగ్‌ది కాదు. రికార్డ్ బటన్ నొక్కిన రోజే జరిగిపోయింది. ఈసారి యూసుఫ్‌గూడ నుంచి ఒక తల్లి అన్ని వివరాలతో రాశారు కాబట్టి ఆవిడ ఉత్తరమే ముందు తీసుకుంటాను.

"సార్, మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం రవీంద్రభారతిలో అయింది. ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి గంటా పది నిమిషాలు ఆపకుండా తీశాను. సౌండ్ చూసుకునే అతను మిక్సర్ నుంచి రికార్డర్‌లో విడిగా ఆడియో ఇచ్చాడు. రెండూ కలిపితే మొదటి ఐటమ్ బాగానే ఉంది. తరంగం వచ్చేసరికి కాలు ఒకచోట, తాళం ఒకచోట. ఆడియో ముందుకు జరిపితే మొదలు చెడిపోతోంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా వీడియో మార్చిపెట్టే సైట్ ఒకటుందని మా తమ్ముడు అంటున్నాడు. అందులో వేయమంటారా?"

వేయకండమ్మా. ఎందుకు వద్దో తర్వాత చెబుతాను, ముందు వీడియో సంగతి చూద్దాం.

ఆవిడ పంపిన తరంగం ముక్కని ఒక్కో ఫ్రేమూ (వీడియోలోని ఒక్కో బొమ్మ) కదుపుతూ చూశాను. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆ పాప ముందుకు జరుగుతోంది. పళ్లెం ఆగింది. పళ్లెం నేలని గీసుకునే చప్పుడు మాత్రం ఆగలేదు. లెక్కపెట్టాను, 38 ఫ్రేములు గడిచాక ఆగింది. అంటే సెకనుంపావు పైనే. ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్ల, చూసేవాళ్లకి లయ తప్పినట్టు కనిపిస్తోంది. ఆ పాప తప్పలేదు, ఫోన్ తప్పింది.

సెట్టింగ్‌లో 30 అని ఉన్నా ఫోన్ సెకనుకి కచ్చితంగా 30 ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకి ఎక్కువ సమయం తీసుకుని 24కి దిగుతుంది. వేడెక్కినా కొన్ని వదిలేస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ప్రతి ఫ్రేము మీదా అది ఏ క్షణానిదో ఫోన్ రాసి ఉంచుతుంది కాబట్టి గ్యాలరీలో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క వేరు. ఫ్రేములన్నీ సమానమైన ఎడంతో ఉన్నాయనుకుని వరసగా పేర్చేస్తుంది. ఈమధ్య కొన్ని సాఫ్ట్‌వేర్లు సర్దుకుంటున్నాయి గానీ నిడివి గంట దాటితే నేను నమ్మను. ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య స్టేజీ మీద లైట్లు తగ్గించారని ఆవిడే రాశారు. సెకనుకి 6 ఫ్రేముల చొప్పున తగ్గితే 38 పోవడానికి ఆరేడు సెకన్ల చీకటి చాలు.

మీ ఫైల్ సంగతి తేల్చుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైల్ అందులో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ అనే వరస కనిపిస్తుంది. అక్కడ వేరియబుల్ అని ఉంటే ఎడిటింగ్‌లోకి తీసుకెళ్లే ముందే దాన్ని కాన్‌స్టంట్, అంటే మారని రేట్‌కి మార్చాలి. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కి వెళ్లి, ఫ్రేమ్ రేట్ దగ్గర సోర్స్ ఎలా ఉంటే అలా అన్నది తీసేసి 30 పెట్టి, కింద కాన్‌స్టంట్ ఎంచుకోండి. క్వాలిటీ అంకె 18 దగ్గర పెడితే ఫైల్ పెద్దదవుతుంది, కానీ బొమ్మ పాడవదు. అసలు ఫైల్ మాత్రం చెరపకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపించుకున్న కాపీతో ఈ పని చేయకండి, అది అప్పటికే ఒకసారి నలిగిపోయి ఉంటుంది.

ఇంతా చేశాక కూడా చివర్లో చిన్న తేడా మిగలవచ్చు. రికార్డర్‌లో ఒక గడియారం, ఫోన్‌లో ఇంకో గడియారం, ఏ రెండూ సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా 70 నిమిషాలకి 0.21 సెకన్లు, అంటే ఆరు ఫ్రేములు. నాట్యానికి అది ఎక్కువే. మొత్తం ఆడియోని సాగదీయాలని చూడకండి. ఐటమ్ అయ్యాక చప్పట్లు కొడతారు కదా, అక్కడ ఆడియో కట్ చేసి, తర్వాతి ఐటమ్‌ని దాని మొదటి తట్టు దగ్గర మళ్లీ కలపండి. చప్పట్లలో ఆ కోత ఎవరికీ వినపడదు.

ఇంకో సంగతి. ఫోన్‌లో వచ్చిన ఆడియో వింటూ దానితో మిక్సర్ ఆడియో కలిపేవాళ్లు, ఫోన్ ఎక్కడ పెట్టారో గుర్తు తెచ్చుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. స్టేజీకి 30 మీటర్ల దూరంలో ఫోన్ ఉంటే, అందులోకి చేరే చప్పుడే 0.09 సెకన్లు ఆలస్యం. అందుకే ఫోన్ ఆడియోతో కాదు, పాదం నేలని తాకే ఫ్రేముతో కలపాలి. చప్పుడు కాస్త వెనకబడితే మనిషి ఓర్చుకుంటాడు, మెరుపు తర్వాతే ఉరుము వినడం మనకి అలవాటు. ముందొస్తే మాత్రం వెంటనే పట్టేస్తాడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫార్సులో ఇది అంకెల్లోనే ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే తెలిసిపోతుంది, వెనకబడితే 125 దాకా తెలియదు.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. కొన్ని ఫోన్లలో ఆటో ఎఫ్‌పీఎస్ అనే స్విచ్ ఉంది, వెలుతురుని బట్టి సెకనుకి తీసే ఫ్రేములు తగ్గించేది అదే. అది ఆపేస్తే ఈ బాధ చాలా మటుకు తప్పుతుంది. మరి అది కెమెరా తెర మీద ఎందుకు ఉండదు? బ్యూటీ ఫిల్టర్‌కి తెర మీద చోటుంది, సెట్టింగులలో నాలుగు మెట్లు దిగితే గానీ ఇది దొరకదు. కొన్ని ఫోన్లలో అసలు లేనే లేదు. అప్‌డేట్ వచ్చాక మనం ఆపేసింది మళ్లీ ఆన్ అయిందేమో చూసుకోవాలి. రంగప్రవేశం జీవితంలో ఒక్కసారి జరుగుతుంది. పరికరం తయారుచేసేవాళ్లు ఆ మాట గుర్తుపెట్టుకుని తెర మీద ఒక్క గుర్తు పెడితే సరిపోయేది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పెళ్లి వీడియోగ్రాఫర్: "నా కెమెరా 25, చుట్టాల ఫోన్లు 30. రెండూ ఒకే టైమ్‌లైన్‌లో వేయొచ్చా?"

వేయొచ్చు. టైమ్‌లైన్ 25 పెట్టండి. ఫోన్ ముక్కల్లో ఆరింట ఒక ఫ్రేము పోతుంది, నడక కాస్త గతుకుగా ఉంటుంది, సింక్, అంటే బొమ్మా మాటా కలవడం, చెడదు. కానీ ఆ 30 క్లిప్పుని 25గా చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకండి. నిమిషం ముక్క 72 సెకన్లవుతుంది, గట్టిమేళం కాస్తా ఏడుపు రాగంలోకి దిగుతుంది. ఈసారి చుట్టాలకి ముందే 25 పెట్టుకోమని చెప్పండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 50వ వంతో, 100వ వంతో పెడితే ఫంక్షన్ హాల్ గోడల మీద ఆ పాకే చారలు కూడా పోతాయి. జీలకర్ర బెల్లానికి ముందు అన్ని ఫోన్లకీ కనపడేలా, వినపడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. మన కృష్ణానగర్ సినిమావాళ్లకి చెప్పక్కర్లేదు, సినిమాలో క్లాప్ బోర్డు పుట్టింది ఇందుకే. ముహూర్తం షాట్‌కి పెద్దవాళ్లు క్లాప్ కొట్టడమే జనం ఎరుగుదురు గానీ, ఆ చెక్కలు తగిలే ఫ్రేమూ ఆ టక్కుమనే చప్పుడూ కలపడమే దాని అసలు పని.

ఇక ఆ సైట్ల సంగతి. అమీర్‌పేట హాస్టల్‌లో ఉండే ఒక కుర్రాడి ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు మనసు బాగాలేదు.

"వీడియో సింక్ సరిచేద్దామని కన్వర్టర్ కోసం వెతికాను. పైన వచ్చిన లింక్ నుంచి దించుకున్నాను. జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ ఉంది, అది కూడా అక్కడే ఇచ్చారు. యాంటీవైరస్ ఆపమంటే ఆపాను. ఏమీ ఇన్‌స్టాల్ కాలేదు. రెండు రోజులకి నా యూట్యూబ్ ఛానల్ పేరు మారిపోయి, క్రిప్టో లైవ్ నడుస్తోంది. నాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది సార్. ఓటీపీ రాలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎలా పోయింది?"

తమ్ముడూ, వాళ్లు లాగిన్ అవలేదు, అందుకే ఓటీపీ రాలేదు. నువ్వు లాగిన్ అయి ఉన్నావని బ్రౌజర్ దాచుకునే చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని కుకీ అంటారు. ఆ ప్రోగ్రామ్ దాన్ని ఎత్తుకెళ్లింది. అది చేతిలో ఉంటే తలుపు తట్టనవసరం లేదు, ఇంట్లో ఉన్న మనిషిలాగే తిరుగుతారు. యూట్యూబర్ల మీద ఈ రకం దాడుల్ని 2019 చివరి నుంచీ గమనిస్తున్నామని గూగుల్ 2021 అక్టోబరులో వివరంగా రాసింది. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టింది నీ భద్రత కోసం కాదు, స్కానర్ లోపలికి చూడకుండా ఉండటానికి. యాంటీవైరస్ ఆపమని అడిగిన ఏ సాఫ్ట్‌వేరూ నీ మేలు కోరదు. క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకీ ఇదే చెబుతున్నాను. అమీర్‌పేటలో పెన్‌డ్రైవ్‌లో చేతులు మారేవాటిని ఫ్రెండ్ ఇచ్చాడు కదా అని వేసుకుంటారు. ఆ ఫ్రెండ్‌కి ఎవరిచ్చారు?

ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్ నుంచి తీసెయ్. వేరే పరికరం నుంచి గూగుల్ ఖాతాలోకి వెళ్లి అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చు. రికవరీ ఫోన్, మెయిల్ నీవేనా చూసుకో. లోపలికే వెళ్లలేకపోతే ఖాతా రికవరీ దారి పట్టు, యూట్యూబ్‌లో హ్యాక్ అయిన ఛానల్ గురించి చెప్పుకునే సహాయం ఉంది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయాయనే అనుకో, బ్యాంకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ మార్చు. కంప్యూటర్‌లో విండోస్ మొత్తం మళ్లీ వేయించు. డబ్బు కదిలితే గంట కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

యూసుఫ్‌గూడ అమ్మకి కూడా నా జవాబు ఇదే. ఉచితంగా మార్చిపెట్టే సైట్‌లో వేయడమంటే మీ అమ్మాయి వీడియోని ఎవరో తెలియనివాళ్ల కంప్యూటర్‌లోకి ఎక్కించడం. వాళ్లు తిరిగి ఇచ్చే ఫైల్‌తో పాటు ఏమొస్తుందో తెలియదు. అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు 2025 మార్చిలో ఇలాంటి ఉచిత కన్వర్టర్ల గురించే హెచ్చరించింది. హ్యాండ్‌బ్రేక్ మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది, ఫైల్ బయటికి పోదు. కానీ దాని అసలు సైట్ పేరు చివర డాట్ ఎఫ్‌ఆర్ ఉంటుంది, డాట్ కామ్ కాదు. ప్రకటనగా పైన వచ్చే లింక్ నొక్కకండి. 2017 మేలో నాలుగు రోజుల పాటు హ్యాండ్‌బ్రేక్ సొంత డౌన్‌లోడ్ సర్వర్ ఒకదానిలోనే దొంగలు మ్యాక్ కాపీని మార్చి పెట్టారు. అందుకే దించుకున్న ఫైల్‌ని సైట్‌లో ఇచ్చే చెక్‌సమ్‌తో, అంటే ఫైల్ మారలేదని తేల్చే అక్షరాలూ అంకెల వరసతో, పోల్చి చూసుకోమంటాను. రెండు నిమిషాల పని.

చివరగా, కూకట్‌పల్లి నుంచి ఒకరు, ఏ వీడియో తీసినా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా మాట వెనకబడుతోందని, జరిపి సరిచేసి పంపితే ఇంట్లోవాళ్లు మాటే ముందొస్తోందంటున్నారని రాశారు. మీరు ఎడిట్ చేసేటప్పుడు చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి కదా? ఆ ఆలస్యం వాటిది, ఫైల్‌ది కాదు. వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి, ఇప్పటిదాకా జరిపిన క్లిప్పులన్నీ మళ్లీ వెనక్కి జరపాల్సి ఉంటుంది.