మావాడికి ఫుట్‌బాల్‌లో డివిజన్ వన్ సీటు వస్తుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. సొంతూరు కరీంనగర్. మా అబ్బాయి పదకొండో తరగతి, స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో స్లాట్ రిసీవర్, అంటే పరుగెత్తి పాస్‌లు పట్టేవాడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 165 పౌండ్లు, జీపీఏ 3.8. నేనే ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను, 40 గజాలు 4.5 సెకన్లలో పరుగెత్తాడు. ట్రాక్ మీట్‌లో 100 మీటర్లు 11.6. ఇంతవరకూ ఏ యూనివర్సిటీ కోచ్ నుంచీ ఫోన్ రాలేదు. వాడి పేరుతో నేనే మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఒక రిక్రూటింగ్ సర్వీస్ వాళ్లు 4,000 డాలర్లు కడితే ప్రొఫైల్ తయారుచేసి వందల మంది కోచ్‌లకు పంపుతామంటున్నారు. అది మంచిదా, లేక ఆ డబ్బు ప్రైవేట్ ట్రైనర్‌కీ క్యాంపులకూ పెట్టడం మంచిదా? ఇప్పుడు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్ అయిన జోష్ అలెన్‌ను కూడా మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు కదా! ఎన్‌ఐఎల్, అంటే కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించే డబ్బుతో ఫీజు గట్టెక్కుతుందా? మేం హెచ్‌-1బీ మీద ఉన్నాం, బాబు హెచ్‌-4. వాడితో చదివే మనవాళ్ల పిల్లలందరూ ఇంటర్న్‌షిప్‌లు, రీసెర్చ్‌లు అంటున్నారు. ఆటలో పెట్టి తప్పు చేశామా అనిపిస్తోంది. వాడి ఆట వీడియో హడ్ల్ సైట్‌లో ఉంది, లింకు పంపుతున్నాను.

జవాబు: ముందు మీ ఆఖరి మాట సంగతి చూద్దాం. ఫ్రిస్కో, ప్రాస్పర్, కేటీ, షుగర్ ల్యాండ్, ఎక్కడి నుంచి రాసినా మనవాళ్ల ఉత్తరాలు సర్వీసు, ట్రైనర్, క్యాంపు అని మొదలై "తప్పు చేశామా" దగ్గరికే వస్తాయి. తప్పేమీ చేయలేదండీ. ఆగస్టు ఎండలో ప్రాక్టీసు చేసి, ఇంటికొచ్చి హోంవర్క్ చేసుకుని 3.8 నిలబెట్టుకున్న పిల్లాడు చదువులో వెనకబడినట్టు ఎలా అవుతుంది? టెక్సస్‌లో 1984 నుంచీ "నో పాస్, నో ప్లే" చట్టం ఉంది. సబ్జెక్టు ఫెయిలైతే జెర్సీ వేసుకోనివ్వరు. పక్కింటి అబ్బాయి రీసెర్చ్ చేశాడని మీవాడి ముందు ఏ కాలేజీ తలుపూ మూసుకోదు. ఈ టెన్షన్ ఇక్కడితో దించేసుకోండి, లేకపోతే కింద రాసేదేదీ మీకు ఎక్కదు.

ఇక కొంచెం కష్టమైన సంగతి. పదకొండో తరగతిలో కోచ్‌లు పిల్లలకు నేరుగా మెసేజ్ పెట్టొచ్చు. ఇన్ని నెలలుగా ఎవరూ పెట్టలేదంటే, చూడక పెట్టలేదని మీరు అనుకుంటున్నారు. చూసే పెట్టలేదని నేను అనుకుంటున్నాను. టెక్సస్‌లో ఫుట్‌బాల్ ఆడే పిల్లాడు ఎవరి కంటా పడకుండా ఉండటం చాలా కష్టం. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా యూనివర్సిటీ కోచ్‌లు స్కూలు స్కూలుకీ తిరుగుతారు. హెడ్ కోచ్ గదిలో కూర్చుని "ఈ ఏడాది ఎవరున్నారు?" అని అడుగుతారు, స్ప్రింగ్ ప్రాక్టీసు చూస్తారు, పిల్లల మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్‌లు తిరగేస్తారు. ఫ్రిస్కో స్కూళ్ల ఆటలు కొన్ని ద స్టార్‌లోని ఫోర్డ్ సెంటర్‌లోనే జరుగుతాయి, అంటే డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీసు చేసే చోట. అక్కడ ఆడే పిల్లాణ్ని కోచ్‌లకు చూపించడానికి నాలుగు వేల డాలర్ల మధ్యవర్తి ఎందుకు?

అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు దాదాపు పది లక్షలు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం అందులో కాలేజీలో ఏదో ఒక డివిజన్‌లో ఆడేది వందకు ఏడుగురు. అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ వన్ దాకా వెళ్లేది ముగ్గురు.

లింకు చూశాను. ఏడు నిమిషాల ఫిల్మ్. మొదటి నలభై సెకన్లు పేరు, ఫొటోలు, వెనక సినిమా పాట. అవి అయ్యేలోపు కోచ్ వేరే పిల్లాడి ఫిల్మ్‌లోకి వెళ్లిపోతాడు. తర్వాత వరసగా టచ్‌డౌన్లు. వాటిలో చాలావరకు వాడి చుట్టుపక్కల డిఫెండరే లేడు, అందుకని వాటితో వాడి గురించి తెలిసేది తక్కువ. నాకు నచ్చిన ఆట ఐదో నిమిషంలో దాక్కుంది. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, మైదానం మధ్యలోకి అడ్డంగా వస్తున్నాడు, ఎదురుగా సేఫ్టీ అనే డిఫెండర్ దూసుకొస్తున్నాడు. దెబ్బ తగులుతుందని తెలిసి కూడా చేతులు ముందుకు చాపి, ఒంటికి తగలకుండా బంతి పట్టాడు, పట్టి వదల్లేదు. దాని వెంటనే ఇంకోటి: పరుగు ఆట, బంతి వీడి దగ్గరకు రాదు, అయినా తనకన్నా బరువైన డిఫెండర్‌ను, కార్నర్‌బ్యాక్‌ను, సైడ్‌లైన్ దాకా నెట్టుకుపోయాడు. స్లాట్ రిసీవర్‌లో కోచ్ వెతికేవి ఇవే. ఈ రెండూ మొదటి ముప్పై సెకన్లలో ఉండాలి. పాట తీసేయండి. మొత్తం మూడు నిమిషాలు చాలు, కిందే రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు పెట్టండి. హైలైట్లు నచ్చినవాళ్లు పూర్తి మ్యాచ్ అడుగుతారు, బంతి రాని ఆటల్లో పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడటానికి.

మీరు ఫోన్‌తో తీసిన 4.5, ట్రాక్‌లో యంత్రం తీసిన 11.6, ఈ రెండూ ఒకే జత కాళ్లవి కావు. కోచ్ 11.6నే నమ్ముతాడు. ప్రొఫైల్‌లో 4.5 అని రాస్తే మిగతా వివరాలను కూడా అనుమానిస్తాడు, కొట్టేయండి. ఈ ఎత్తు, ఈ బరువుతో పెద్ద యూనివర్సిటీకి ఆడాలంటే వేగం మరీ ప్రత్యేకంగా ఉండాలి. 11 సెకన్లలోపు పరుగెత్తే రిసీవర్లు టెక్సస్‌లో ఎంతమందో ఒక్కసారి రీజినల్ మీట్‌కు వెళ్లి కూర్చుంటే మీకే తెలుస్తుంది. స్టార్ రేటింగులు చూసి కూడా బెంగపడకండి. 247స్పోర్ట్స్ లాంటి సంస్థలు ఫైవ్ స్టార్ ఇచ్చేది దేశం మొత్తం మీద ఏటా ముప్పై చిల్లర మందికి, అదీ ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో 32 మంది ఉంటారు కాబట్టి. ఆ వరసలో లేకపోవడం నామోషీ కాదు.

జోష్ అలెన్ సంగతి మీరన్నది నిజమే. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊరు, స్కూలయ్యేసరికి డివిజన్ వన్ ఆఫర్ ఒక్కటీ లేదు. రీడ్లీ అనే కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కడి నుంచి వయోమింగ్ వెళ్లి, 2018 డ్రాఫ్ట్‌లో ఏడోవాడిగా ఎంపికయ్యాడు. మీరు వదిలేసిన ముక్క ఏమిటంటే, స్కూలు వదిలాక అతను బాగా ఎదిగాడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడే మనిషికి ఆ ఎత్తూ ఒళ్లూ పెద్ద ఆస్తి. ఇంకో ముక్క, రీడ్లీ నుంచి దేశంలోని కోచ్‌లందరికీ మెయిళ్లు పెట్టింది అతనే, వాళ్ల నాన్న కాదు.

సర్వీసుల మీద నా అభిప్రాయం ఇప్పటికే తెలిసి ఉంటుంది. వాళ్లు పంపే ప్రొఫైళ్లు కోచ్‌లు చదవరని అనను. కానీ అలాంటివి రోజూ గుట్టలుగా వచ్చి పడుతుంటాయి. స్కూలు కోచ్ చేసే ఒక్క ఫోన్‌కు ఉండే విలువ వాటికి ఉండదు, ఆ ఫోన్‌కు పైసా ఖర్చు లేదు. ఇంకా ఎక్కువ అనుమానం నాకు ఈ మధ్య మన ఇళ్లలో ఫ్యాషనైపోయిన "ఏడాది పొడవునా ఫుట్‌బాల్" మీద. సీజన్ అవగానే సెవెన్-ఆన్-సెవెన్ క్లబ్బు, వారానికి మూడు రోజులు ట్రైనర్, వీకెండ్ షోకేస్. ఏడుగురితో ఆడే సెవెన్-ఆన్-సెవెన్‌లో ముందు వరసలో ఢీకొనే లైన్‌మెన్ ఉండరు, పట్టి పడేసే ట్యాక్లింగ్ ఉండదు. బంతి పట్టడం మెరుగవుతుంది, ఒప్పుకుంటాను. కానీ దానికోసం స్ప్రింగ్‌లో ట్రాక్ మానేసే పిల్లలున్నారు. కాలేజీ కోచ్‌లకు ట్రాక్ టైమంటే గురి, రెండు మూడు ఆటలు ఆడే పిల్లలంటే ఇష్టం. డబ్బు కట్టి మరీ వాళ్లు చూసే దాన్ని వదిలి, వాళ్లు అంతగా చూడని దానికి పోవడం నాకు అర్థం కాదు. మీవాణ్ని వచ్చే స్ప్రింగ్ కూడా ట్రాక్‌లోనే ఉండనివ్వండి.

పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చే "మీ అబ్బాయిని ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నాం" మెయిళ్లు చూసి మురిసిపోకండి. కింద డబ్బు కట్టే లింకు ఉంటే అది క్యాంపు ప్రకటన, వేలమందికి వెళ్తుంది. ఆఫర్ అనే మాటను కూడా అలాగే పట్టి చూడాలి. నోటిమాట ఆఫర్‌కు కోచ్ కట్టుబడి ఉండనక్కర్లేదు. "ఈ రోజే ఒప్పుకుంటే తీసుకుంటారా?" అని పిల్లాడు అడగాలి. నీళ్లు నమిలితే అది ఆఫర్ కాదు. డిసెంబర్ మొదట్లో సంతకాలయ్యే దాకా ఎవరికీ స్వీట్లు పంచకండి.

ఈ నాలుగైదేళ్లలో అసలు లెక్కే మారింది. ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని తెచ్చి పెంచేకన్నా ఇంకో కాలేజీలో ఆడి చూపించిన ఇరవై ఒకటేళ్లవాణ్ని తెచ్చుకోవడం కోచ్‌కు తేలిక. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీల్లో ఫుట్‌బాల్ టీమ్‌కు 105 మంది పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాకాన్‌లతో అంతకుముందు చాలాచోట్ల టీమ్ ఇంకా పెద్దగా ఉండేది. "ముందు వాకాన్‌గా చేరి తర్వాత నిరూపించుకుంటాడు" అని చాలామంది అనుకునే దారి ఇప్పుడు బాగా ఇరుకైంది.

ఎన్‌ఐఎల్ గురించి అడిగారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఆఫర్ సంగతి పక్కనపెట్టినా, హెచ్‌-4 మీద వర్క్ పర్మిట్ లేని పిల్లాడు ప్రకటనలకో ప్రచారానికో డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. ఎఫ్‌-1కు మారినా ఈ చిక్కు తీరదు. 21 నిండితే హెచ్‌-4 ఎలాగూ పోతుంది. ఆ నాలుగు వేలలో కొంత ఇమిగ్రేషన్ లాయర్‌కు ఇచ్చి గంట మాట్లాడండి, ఆ ఖర్చు వృథా కాదు. హెచ్‌-4 పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదన్నది కూడా ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి.

మరి దారి లేదా అంటే, ఉంది. మీరే అటు చూడటం లేదు. డివిజన్ త్రీ అనగానే మన ఇళ్లలో మూడో రకం అనుకుంటారు. కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఎంఐటీ, ఇవన్నీ ఫుట్‌బాల్ ఆడేది డివిజన్ త్రీలోనే. టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో ట్రినిటీ, జార్జ్‌టౌన్‌లో సౌత్‌వెస్టర్న్ ఉన్నాయి. ఇక్కడ ఆట స్కాలర్‌షిప్ ఉండదు, మెరిట్ మీదో కుటుంబ ఆదాయం మీదో కాలేజీ తన సొంత డబ్బులోంచి సాయం చేస్తుంది. వీసా పిల్లలకు ఎంత ఇస్తారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకూ ఫోన్ చేసి అడగాల్సిందే. కోచ్‌కు పిల్లాడు నచ్చితే చాలా కాలేజీల్లో మార్కులు ముందే అడ్మిషన్ ఆఫీసుకు చూపించి, అవకాశం ఎంతుందో వేసవిలోనే చెప్తాడు. సీటు ఖాయమని కాదు, ఎంఐటీ లాంటి చోట కోచ్ మాట సిఫార్సు వరకే. అయినా 3.8 ఉండి, మధ్యలోకి వెళ్లి దెబ్బ తిని బంతి పట్టే పిల్లాడి కోసం ఈ కోచ్‌లు నిజంగా వెతుకుతారు.

అందుకే జూన్‌లో రెండే క్యాంపులు చాలు. డివిజన్ త్రీ కోచ్‌లు కూడా వచ్చి పనిచేసే పెద్ద యూనివర్సిటీ క్యాంపు ఒకటి, వాడికి మనసున్న కాలేజీలో ఒకటి. ట్రైనర్ ఈ వేసవికి వద్దు. స్కూలు వెయిట్ రూమ్, ఇంట్లో కడుపునిండా అన్నం, ఎనిమిది గంటల నిద్ర, ఇవి కుదిరితే బరువు దానంతటదే వస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని రెండు మాటలంటాను, నొచ్చుకోకండి. ఇంత పొడుగు ఉత్తరంలో ఎత్తుంది, బరువుంది, టైముంది, పక్కింటివాళ్ల పిల్లలున్నారు. మీవాడు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. వాడికి కాలేజీలో ఆడాలని ఉందో, స్కూలుతో చాలనుకుంటున్నాడో అడిగారా? అడగకుండానే వాడి పేరుతో మెయిళ్లు పెట్టారు. తండ్రి రాసిన మెయిల్ కోచ్‌లు మొదటి రెండు వాక్యాల్లోనే పట్టేస్తారు. "నాకు మీ ప్రోగ్రామ్ పట్ల ప్రగాఢమైన ఆసక్తి కలదు" అని పదిహేడేళ్ల పిల్లాడు ఎక్కడైనా రాస్తాడా? జవాబు రాకపోవడానికి అది కూడా ఒక కారణమై ఉండొచ్చు. ఇలాంటి నాన్నతో నాలుగేళ్లు వేగాలా అని కోచ్ కూడా ఆలోచిస్తాడు. శుక్రవారం మ్యాచ్ అయ్యాక కారులో ఇంటికొస్తూ, ఆ బంతి ఎందుకు వదిలావని అడిగే అలవాటుంటే అదీ మానండి. ఏం తింటావని అడగండి చాలు.

ఈ శనివారం మీరు, మీ ఆవిడ వాణ్ని కూర్చోబెట్టి ఒకటే అడగండి: మొదటి వారంలోనే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయినా ఏ కాలేజీలో సంతోషంగా ఉంటావు? వాడు చెప్పిన పేర్లతో పది కాలేజీల జాబితా వాణ్నే రాయమనండి. ఒక్కో కోచ్‌కు ఐదు వాక్యాల మెయిల్ వాడే పెడతాడు: పేరు, స్కూలు, గ్రాడ్యుయేషన్ ఏడాది, జీపీఏ, యంత్రం తీసిన ట్రాక్ టైమ్, కొత్త ఫిల్మ్ లింకు, స్కూలు కోచ్ నంబరు, ఆ కాలేజీనే ఎందుకు అనుకుంటున్నాడో ఒక మాట. అక్షరదోషాలున్నా మీరు దిద్దొద్దు. పది రోజుల్లో జవాబు రాకపోతే స్కూలు కోచ్‌ను ఒక ఫోన్ చేయమని వాడే వెళ్లి అడుగుతాడు. డివిజన్ త్రీ కోచ్‌లు చాలామంది ఆగస్టు లోపే లిస్టు వేసుకుంటారు, కాబట్టి మెయిళ్లు ఈ నెల దాటనివ్వకండి.