అణు భౌతికశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది కుషాయిగూడ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతూ జేఈఈ కోచింగ్ తీసుకుంటోంది. ఈ మధ్య ఇంజినీరింగ్ వద్దని, అణు భౌతిక శాస్త్రవేత్తను అవుతానని పట్టుబడుతోంది. ఫిజిక్స్ చదివితే చివరికి లెక్చరర్ ఉద్యోగమే దిక్కని బంధువులు అంటున్నారు. ఎన్నేళ్లు చదవాలి? మధ్యలో మనసు మారితే ఏమిటి? రేడియేషన్ అంటే నాకు భయం. కోచింగ్ మాన్పించమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఎన్నేళ్లన్న సంగతి తేల్చేద్దాం. ఇంటర్ తర్వాత ఎమ్మెస్సీ చేతికి రావడానికి ఐదేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. సొంతంగా పరిశోధన చేసే ఉద్యోగం దొరికే లోపు ఇంకో రెండు మూడేళ్లు ఎక్కడో ఒక ప్రయోగశాలలో పని చేయాల్సి రావచ్చు. మీ అమ్మాయితో చదివిన పిల్లలు ఇరవై రెండేళ్లకు జీతం తెచ్చుకుంటూ ఉంటే ఈమె ఇంకా విద్యార్థినే. ఈ మాట ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అయితే పదేళ్లూ మీరే డబ్బు కట్టాలని అనుకోకండి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం వేరు.

రెండో సంగతి, ఆమెకు నిజంగా ఏది కావాలి? మీ ఇంటికి కూతవేటు దూరంలోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. 1971లో మొదలైన ఆ సంస్థలో యురేనియం డయాక్సైడును చిన్న చిన్న బిళ్లలుగా చేసి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపుతారు. 220 మెగావాట్ల రియాక్టరుకైతే 19 గొట్టాలు, 700 మెగావాట్లదానికైతే 37 గొట్టాలు కలిపి ఒక కట్ట కడతారు. దేశంలోని భారజల రియాక్టర్లు ఆ కట్టలతోనే నడుస్తాయి. చాలా గొప్ప పని అది. కానీ ఎక్కువగా లోహశాస్త్రం, కెమికల్, మెకానికల్ ఇంజినీర్లు చేసే పని. అణు భౌతిక శాస్త్రవేత్త అడిగే ప్రశ్న వేరు. ఒక పరమాణు కేంద్రకానికి న్యూట్రాన్ వచ్చి తగిలితే ఆ కేంద్రకం దాన్ని మింగుతుందా, చీలిపోతుందా, ఎంత శక్తి దగ్గర ఏది ఎన్నిసార్లు జరుగుతుంది? అలా కొలిచిన సంఖ్యల మీదే రియాక్టరు లెక్కలన్నీ నిలబడతాయి. మీ అమ్మాయిని పిలుస్తున్నది రియాక్టరే అయితే ఇంజినీరింగే సరైన దారి, అందులో తక్కువతనం ఏమీ లేదు. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు కాబట్టి ఆ రంగంలో ఇంజినీర్లకు పని పెరుగుతుంది. ఆ వార్త చూసి ఫిజిక్స్ ఎంచుకోవద్దు. కేంద్రకం గురించిన కుతూహలం ఉంటేనే ఎంచుకోవాలి.

ఆ కుతూహలం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చెబుతాను. మార్కుల జాబితా కన్నా నాకు దీని మీదే నమ్మకం. వంద చింతపిక్కలు తీసుకుని, అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒక వైపు తెల్లగా వచ్చేలా గరుకు బండ మీద అరగదీయమనండి. వాటిని చేటలో వేసి కుదిపి నేల మీద పోయమనండి. తెల్లవైపు పైకి పడినవాటిని తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి రాసుకోవాలి. మిగిలినవాటిని మళ్లీ పోయాలి. అన్నీ అయిపోయే దాకా ఇలాగే. ఈ ఆటను పదిసార్లు మొదటి నుంచి ఆడి, ప్రతిసారీ గ్రాఫు గీయాలి. ఏ పిక్క ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ మొత్తం గుంపు ఒక లెక్క ప్రకారం తరిగిపోతూ ఉంటుంది. రేడియోధార్మికత నడక సరిగ్గా ఇదే. పైగా అరగదీసిన పిక్క తెల్లవైపు సగం సార్లే పడుతుందని హామీ లేదు. ఎన్నిసార్లు పడుతుందో ఆమె తన లెక్కల నుంచే రాబట్టాలి.

మొదటి విసురులో ఒకసారి 43 మిగులుతాయి, ఒకసారి 56, ఒకసారి 51. మూడో ఆటకే విసుగొచ్చి లేచిపోతే అది తప్పు కాదు, ఆమెకు సరిపడే పని మరొకటి ఉంది. “తేడా ఐదు, పది దగ్గరే ఎందుకు ఆగుతోంది, నలభై ఎందుకు రావడం లేదు?” అని ఆమె అడిగితే మాత్రం ఆ ప్రశ్నను వదలనివ్వకండి. అణు ప్రయోగశాలలో రోజూ ఎదురయ్యేది ఆ ప్రశ్నే. అలాంటి తేడాలు సుమారుగా ఎంత ఉంటాయో సంఖ్య వర్గమూలమే చెబుతుంది. వర్గమూలం అనే చిన్న చిహ్నం వెనుక ఎంత అర్థం ఉందో ఆ రోజు ఆమెకు తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర సలహా తీసుకుని ఈ దారిలో వెళ్లిన ఒక అమ్మాయి ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో ప్రయోగానికి వెళ్లింది. యాక్సిలరేటర్ అంటే కణాలకు వేగం పెంచి లక్ష్యం మీదికి పంపే యంత్రం. అది దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ ఉమ్మడి సొత్తు కాబట్టి ఒక్కో బృందానికి కొద్ది రోజులే ఇస్తారు. రాత్రి షిఫ్టు ఆమెది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన జెర్మేనియం డిటెక్టర్లు వెచ్చబడకుండా చూసుకుంటూ, తెర ముందు కూర్చోవాలి. మొదటి రాత్రి తెర మీద ముగ్గుకు ముందు పెట్టిన చుక్కలు తప్ప ఏమీ లేవని చెప్పింది. మూడో రాత్రికి ఆ చుక్కల మధ్య నుంచి ఒక చిన్న శిఖరం లేచింది. ఆ శిఖరం నిజమా, యాదృచ్ఛికమా అని తేల్చడానికి తర్వాత ఏడాదంతా కంప్యూటర్ ముందే గడిచింది. ఆ ఏడాది గురించి ఆమె ఎంత సంతోషంగా చెప్పిందో నాకు ఇంకా గుర్తుంది. అందుకే ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్ ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. మీ పక్కనే ఉన్న ఏఎస్ రావు నగర్ ఎవరి పేరున వెలిసిందో ఆమెకు చెప్పండి. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్)కు సారథ్యం వహించిన అయ్యగారి సాంబశివరావు గారు సైన్సు చదివి ఎలక్ట్రానిక్స్ వైపు వచ్చినవారు.

ఇక ప్రవేశాలు. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్‌లలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి నెస్ట్ పరీక్ష రాయాలి. రెండూ అణుశక్తి విభాగపు అండతో నడుస్తున్న సంస్థలు కాబట్టి మీ అమ్మాయికి నా మొదటి సలహా ఇవే. తిరుపతి సహా ఐసర్‌లనే కేంద్ర సైన్సు విద్యాసంస్థలకు ఐఏటీ పరీక్ష ఉంది. అందులో బయాలజీ ప్రశ్నలు కూడా ఉంటాయి, ఎంపీసీ పిల్లలు సాధారణంగా అక్కడే వెనకబడతారు. నగరం దాటి పంపడం ఇష్టం లేకపోతే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటిగ్రేటెడ్ కోర్సుకు సీయూఈటీ రాయవచ్చు, లేదా డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్ ద్వారా మంచి కళాశాలలో బీఎస్సీ చేరి తర్వాత ఎమ్మెస్సీ ప్రవేశానికి జామ్ పరీక్ష రాయవచ్చు. కళాశాల ఎంచుకునేటప్పుడు ప్రయోగశాల తలుపు తెరిపించి చూడండి. రేడియేషన్‌ను లెక్కించే గైగర్ కౌంటరు మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ చేర్చకండి.

మనసు మారితే ఏమిటన్నారు. ప్రతి మజిలీలోనూ దిగే వీలుంది. ఎమ్మెస్సీ తర్వాత అందరూ బార్క్ అని పిలిచే భాభా అణు పరిశోధన కేంద్రం వారి శిక్షణ పాఠశాల ఉంది. 1957 నుంచి నడుస్తోంది. ఏడాది శిక్షణకు స్టైపెండ్ ఇచ్చి, నెగ్గినవారిని సైంటిఫిక్ ఆఫీసర్‌గా తీసుకుంటారు. కనీసం మూడేళ్లు పనిచేస్తామని ఒప్పందం రాయాలి. ఎమ్మెస్సీలో 60 శాతం ఉండాలి, సాధారణ కేటగిరీకి వయసు 26 దాటకూడదు. ఈ వయసు నిబంధన చాలామంది ఆలస్యంగా చూసి బాధపడుతుంటారు. రాత పరీక్ష గానీ గేట్ స్కోరు గానీ ఇంటర్వ్యూ గది దాకానే తీసుకెళుతుంది. ఎంపికను తేల్చేది ఇంటర్వ్యూనే, అక్కడ బట్టీ చదువు నిలవదు. ఇది కాకపోతే ఎమ్మెస్సీ మీద ఒక ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేసి క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టు కావచ్చు. రేడియేషన్ చికిత్స ఇచ్చే ఏ ఆసుపత్రిలోనైనా ఆ ఉద్యోగి తప్పనిసరి, హైదరాబాద్‌లో అలాంటి ఆసుపత్రులు చాలా ఉన్నాయి. లెక్చరర్ కావడం దిక్కులేనితనం కాదని కూడా మీ బంధువులకు చెప్పండి. మంచి ఫిజిక్స్ లెక్చరర్ దొరక్కే ఎంతోమంది పిల్లలు ఈ దారి వదిలేస్తున్నారు.

మీ భయం గురించి. రేడియేషన్ మన ఇంట్లోనే, ఒంట్లోనే ఉంది. మన శరీరంలోని పొటాషియం ఒక్కటే సెకనుకు నాలుగు వేలకు పైగా విఘటనలు జరుపుతూ ఉంటుంది. ఎరువుల దుకాణంలోని పొటాష్ సంచి దగ్గర గైగర్ కౌంటరు పెట్టినా లెక్క పెరుగుతుంది. హైదరాబాద్ గ్రానైటు బండల్లోనూ కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందేది ప్రపంచ సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది). రేడియేషన్‌తో పనిచేసేవారికి మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. గర్భిణులకు ఇంకా కఠినం. ప్రతి ఒక్కరి చొక్కాకు ఒక బ్యాడ్జి ఉంటుంది, దాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి పంపి ఎంత అందిందో చదివిస్తారు. ప్రమాదం లేదని నేను చెప్పను, నియమాలు పాటించాలి. కానీ ఈ వృత్తిలో ఎవరికి ఎంత అందిందో రాసిన లెక్క ఉంటుంది.

కోచింగ్ మాన్పించకండి. జేఈఈ ఫిజిక్స్, మ్యాథ్స్ సాధన నెస్ట్‌కు, ఐఏటీకి అలాగే పనికొస్తుంది. ర్యాంకు కోసం ఆమె మీద ఒత్తిడి మాత్రం తగ్గించండి. నెస్ట్, ఐఏటీ దరఖాస్తుల ప్రకటనలు ఇంటర్ పరీక్షల హడావిడిలో పిల్లల కంట పడవు. ఆ తేదీలు చూసే బాధ్యత మీరు తీసుకోండి. ఈ ఆదివారం మాత్రం చింతపిక్కలు ఆమె చేతికివ్వండి.