తప్పిపోయిన జీవాలను మళ్లించే కుక్క: పరాయి మందలోకి తీసుకెళ్లే ముందు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతం. 60 గొర్రెలు, కొన్ని మేకలు ఉన్నాయి. మా నాటు కుక్కకు నాలుగేళ్లు. చెదిరిన మందను ఒక్కటీ మిగలకుండా మళ్లేస్తుంది. అందుకని చుట్టుపక్కల ఎవరి జీవాలు తప్పిపోయినా కుక్కను తోలుకొని రమ్మంటారు. పోయిన నెల ఒకరి మేకల్ని చేలోంచి మళ్లించి ఇచ్చాను. మూడో రోజు అందులో ఒక చూడి మేక ఈసుకుపోయింది (నెలలు నిండకముందే పిండం పడిపోయింది). కుక్క తరిమినందుకే అంటున్నారు. ఇకముందు వెళ్లాలా, మానేయాలా?

జవాబు: మానేయకండి. మందను చెదరగొట్టకుండా మళ్లించే కుక్క దొరకడం కష్టం. ఒకప్పుడు కొల్లేరు చుట్టుపక్కల బాతులు మేపేవాళ్లు జోనంగి కుక్కలతో బాతుల గుంపుల్ని తోలించేవారు. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక ఆ కుక్కలకు పనే లేకుండా పోయింది. మీ కుక్కకు ఇంకా పని ఉంది. కాకపోతే సొంత మందలో చేసే పని వేరు, పరాయి మందలో చేసే పని వేరు.

ఆ మేక విషయానికొస్తే, నెలలు నిండుతున్న మేక బెదిరి పరిగెత్తినా, కంచె దూకినా కడుపుకు దెబ్బ తగలొచ్చు, కాదనను. కానీ బ్రుసెల్లా లాంటి సూక్ష్మజీవుల వల్ల కూడా మేకలు ఈసుకుపోతాయి. పరీక్ష చేయించకుండా కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరు. ఇంకో మేక ఈసుకుపోతే పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు చేయమనండి. బ్రుసెల్లా మనుషులకూ సోకుతుంది. మాయను కుక్క నోట పెట్టకుండా చూసుకోండి.

ఇకముందు ఎవరు పిలిచినా, మందలో చూడివి, కొత్తగా ఈనినవి ఎన్ని ఉన్నాయో ముందే అడగండి. మేక అయిదు నెలలు మోస్తుంది. చివరి నెల, నెలన్నరలో ఉన్నవాటి దగ్గరికి కుక్కను పంపకండి. ఈనిన ఆవు, గేదె ఉన్నచోట అసలే వద్దు. దూడ కోసం అవి కుక్క మీదికి వస్తాయి, కుక్క బెదిరి మీ కాళ్ల మధ్యకు పరిగెత్తుకొస్తుంది, అప్పుడు దెబ్బ తగిలేది మీకే.

యజమానిని తప్పకుండా వెంట రమ్మనండి. జీవాలకు తెలిసిన గొంతు అతనిదే. అతను ముందు నిలబడి పిలవాలి, కుక్క వెనక దూరంగా ఉండాలి. ఒంటరిగా తప్పిన గొర్రె బెదిరిపోయి ఎటుపడితే అటు పరిగెత్తుతుంది. దాని మందలోవే నాలుగైదింటిని తోలుకొచ్చి చూపిస్తే తనంతట తానే వాటిలో కలుస్తుంది. గొర్రెలు బెదిరితే ఒకచోటికి చేరతాయి, మేకలు మాత్రం చీలిపోతాయి, కొన్ని తిరగబడి కుక్కకే కొమ్ములు చూపిస్తాయి. మేకల దగ్గర కుక్కను ఇంకా దూరంగా ఉంచండి. జీవానికి భుజం వెనక నుంచి వస్తే ముందుకు కదులుతుంది, ముఖానికి ఎదురుగా వస్తే వెనక్కి తిరుగుతుంది. ఈ ఒక్కటి మనసులో ఉంటే కుక్కను ఎక్కడ నిలబెట్టాలో మీకే తెలుస్తుంది.

'ఆగు' అన్న మాటకు మీ కుక్క పరుగు మధ్యలో ఆగుతుందా? ఆగకపోతే అప్పటిదాకా పరాయి మందలోకి తీసుకెళ్లొద్దు. మెడకు అయిదారు మీటర్ల తాడు కట్టి, మీ సొంత గొర్రెల దగ్గరే రోజూ పది నిమిషాలు నేర్పించండి. ఆగిన వెంటనే మెచ్చుకొని చిన్న ముక్క తినిపించండి. కొట్టి నేర్పిస్తే ఇంటి దగ్గర వింటుంది, మంద కనిపించగానే మరిచిపోతుంది. కరిచే అలవాటు ఉన్న కుక్కను ఈ పనికి తీసుకెళ్లకూడదు.

జీవాలు ఏ చేలో పడ్డాయో కూడా చూడండి. వానలు లేక ఎదగని లేత జొన్న మేస్తే నాము కొడుతుంది, అంటే ఆ పైరులోని విషం ఎక్కుతుంది, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అలాంటి చోట నుంచి పరిగెత్తించకుండా మెల్లగా బయటికి తెచ్చి వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. ఎడమ డొక్క ఉబ్బినవాటినీ తరమకండి. చీకట్లో దిగుడు బావులు, రోడ్డు, రైలు పట్టాలు దగ్గర్లో ఉంటే తెల్లారేదాకా ఆగడమే మంచిది. ఎండాకాలం పగలు కుక్కతో పని పెట్టుకోకండి, దాని పాదాలు కాలతాయి, వడదెబ్బ తగులుతుంది.

మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ భయం కుక్క కడుపులోని బద్దె పురుగుల గురించే. చచ్చిన గొర్రె తలకాయను, పేగుల్ని కుక్కకు పచ్చిగా వేయడం మన దగ్గర మామూలే. ఆ తలలోని తిత్తుల నుంచి కుక్క పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, మేసిన గొర్రె మెదడులో తిత్తి పెరుగుతుంది. తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగే గొర్రెను మీరూ చూసే ఉంటారు, దాన్నే గిడ్ రోగం అంటాం. మరో రకం బద్దె పురుగు వల్ల మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కూడా నీటి తిత్తులు వస్తాయి. నాలుగు మందలు తిరిగే కుక్క ఈ గుడ్లను నాలుగు చోట్లా వేస్తుంది. కాబట్టి తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా వేయకండి. బాగా ఉడికించండి, లేకపోతే కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున, పశువైద్యుణ్ని అడిగి వేయండి. 20 కిలోల కుక్కకు 100 మి.గ్రా. అవుతుంది. పచ్చి మాంసం దొరికే కుక్కకు ఆరు వారాలకోసారి వేయాలి. వేశాక రెండు మూడు రోజులు కట్టేసి, మలాన్ని పూడ్చేయండి. రేబిస్ టీకా ఏటా వేయించి, కార్డు దగ్గర పెట్టుకోండి. కుక్క పన్ను తగిలిందని ఎవరైనా అంటే ఆ కార్డే మీకు ఆధారం.

యజమాని తెలియని జీవాలు దొరికితే రాత్రికి కూడా మీ మందలో కలపొద్దు. పారుడు రోగం, గాలికుంటు అలాగే వస్తాయి. వేరే చోట కట్టేసి, నీళ్లు పెట్టి పంచాయతీలో చెప్పండి. మీ ఊళ్లో బందెలదొడ్డి ఉంటే అక్కడ అప్పగించండి. వాటిలో జబ్బుగా ఉన్నది కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.