కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు ఎంఆర్ఎన్ఏ టీకా మొదటి డోసుకే ఎందుకంత జ్వరం?

అమెరికాలో ఉన్న మీ అమ్మాయికి ఫైజర్ మొదటి డోసుకే బాగా జ్వరం వచ్చిందని, అల్లుడికి ఏమీ కాలేదని రాశారు. ఆమెకు అంతకుముందే కోవిడ్ వచ్చి తగ్గింది కాబట్టి రోగనిరోధక శక్తి దెబ్బతిందేమోనని మీ భయం. కంగారు పడకండి. అది శక్తి తగ్గినందుకు వచ్చిన జ్వరం కాదు.

మేముండేది న్యూజెర్సీలో. 2020 చివర్లో నాకు కోవిడ్ వచ్చింది, మావారికి రాలేదు. 2021లో ఇద్దరం ఫైజర్ వేయించుకున్నాం. ఆ రాత్రికే నాకు చలిజ్వరం, ఒళ్లునొప్పులు. ఆయనకు చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు. రెండో డోసుకు ఆయన మంచం ఎక్కారు, నేను మామూలుగానే ఉన్నాను.

ఫైజర్ లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో మన కణాలకు చెప్పే సందేశం మాత్రమే ఉంటుంది. కోవిడ్ రానివాళ్ల శరీరానికి ఆ ప్రోటీన్ కొత్త, యాంటీబాడీలు పెరగడానికి వారాలు పడుతుంది. వచ్చి తగ్గినవాళ్లలో దాన్ని గుర్తుపట్టే మెమరీ బి కణాలు, టి కణాలు ముందే ఉంటాయి. అందుకే మొదటి డోసే వాళ్లకు బూస్టర్‌లా పనిచేస్తుంది, రోగనిరోధక వ్యవస్థ వెంటనే గట్టిగా స్పందిస్తుంది. ఆ స్పందనే జ్వరంగా కనిపిస్తుంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ పరిశోధకులు 2021లో 110 మందిని పరిశీలిస్తే, కోవిడ్ వచ్చినవాళ్లలో మొదటి డోసు తర్వాత యాంటీబాడీలు మిగతావాళ్లకన్నా 10 నుంచి 45 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అలసట, తలనొప్పి, చలి, జ్వరం కూడా వాళ్లలోనే ఎక్కువ. ఫ్రాన్స్ అయితే ఆ ఫిబ్రవరిలోనే అలాంటివాళ్లకు ఒక్క డోసు చాలంది.

అలాగని జ్వరం రానివాళ్లకు టీకా పనిచేయలేదని కాదు, మీ అల్లుడి గురించి కూడా బెంగ వద్దు. "ఒకసారి వచ్చింది కదా, ఇక టీకా ఎందుకు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 2021లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో చూస్తే, కోవిడ్ వచ్చినా టీకా వేసుకోనివాళ్లకు మళ్లీ సోకే అవకాశం, వేసుకున్నవాళ్లకన్నా రెట్టింపుకు పైనే ఉంది.

యాంటీబాడీ పరీక్ష చేయిస్తే ఒకటి చూసుకోండి. ఫైజర్, మోడెర్నా టీకాల వల్ల స్పైక్ యాంటీబాడీలే వస్తాయి. న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపల ఉండే ఇంకో ప్రోటీన్) యాంటీబాడీలు కూడా ఉంటే కోవిడ్ సోకినట్టే. కానీ ఇండియాలో కోవాగ్జిన్ వేయించుకున్న అమ్మానాన్నల రిపోర్టును ఇలా చదవకూడదు. అది నిర్జీవం చేసిన పూర్తి వైరస్‌తో చేసింది, కాబట్టి కోవిడ్ రాకపోయినా రెండూ కనిపించవచ్చు.

టీకా జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి.